ఒక్క గుటక వెనుక ఎంత పని!

పిల్లలూ! అన్నం తింటూ కబుర్లు చెబుతున్నప్పుడు మీకు ఎప్పుడైనా పొలమారిందా? పొలమారని వాళ్ళెవరుంటారు! ఒకటే దగ్గు. కళ్ళ వెంట నీళ్ళు. ఒక్కోసారి ముక్కులోంచి మెతుకు కూడా ఊడిపడుతుంది. పక్కనున్న అమ్మమ్మో, నాయనమ్మో మాడు మీద తడుతూ, "ఎవరో నిన్ను తలుచుకుంటున్నారురా!" అంటుంది. రెండు నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది. మళ్ళీ కబుర్లు మొదలు!

ఎవరో తలుచుకోవడంవల్ల మనకు పొలమారదు. మన గొంతులో ఒక కూడలి ఉంది. ఆ కూడలిలో క్షణంలో సగంసేపు జరిగిన పొరపాటే పొలమారడం. మనకు ఏడాదికి ఏ పదిసార్లో జరిగే ఈ పొరపాటు కొందరికి ముద్ద ముద్దకీ జరుగుతుంది. అటువంటి వాళ్ళు మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఉండే ఉంటారు. వాళ్ళకు మీరు చేయగలిగిన సాయం చాలా ఉంది. అయితే సాయం చేయాలంటే ముందు మింగడం అంటే ఏమిటో తెలియాలి.

గొంతులో రైలు గేటు

అద్దం ముందు నిలబడి నోరు పెద్దగా తెరిచి చూడండి. నాలుక వెనుక, కొండనాలుక వేలాడుతున్న చోటికి అవతల చీకటిగా ఒక గది లాంటిది కనిపిస్తుంది. దాన్ని గ్రసని అంటారు. పైనుంచి ముక్కు దారి, ముందునుంచి నోటి దారి వచ్చి ఈ గదిలోనే కలుస్తాయి. ఈ గది అడుగున మళ్ళీ రెండు గొట్టాలు మొదలవుతాయి. ముందున్నది వాయునాళం. అది ఊపిరితిత్తులకు పోతుంది. దాని వెనుక వెన్నెముకకు ఆనుకుని ఉన్నది ఆహారవాహిక. అది జీర్ణాశయానికి పోతుంది.

ఇప్పుడు ఆలోచించండి. గాలి వెనుకనున్న ముక్కు దారినుంచి వచ్చి ముందున్న గొట్టంలోకి వెళ్ళాలి. అన్నం ముందున్న నోటినుంచి వచ్చి వెనుకనున్న గొట్టంలోకి వెళ్ళాలి. అంటే ఈ రెండు దారులూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతున్నాయన్నమాట! రోడ్డూ రైలుపట్టాలూ ఒకదాన్నొకటి దాటే చోట ఏం చేస్తారు? గేటు వేస్తారు. బస్సులు ఆగుతాయి. రైలు వెళ్ళిపోతుంది. గేటు ఎత్తుతారు. మన గొంతులో జరిగేది సరిగ్గా ఇదే. ముద్ద వచ్చినప్పుడు ఊపిరి ఆగుతుంది. ముద్ద దాటిపోగానే ఊపిరి మళ్ళీ మొదలవుతుంది.

ఈ ఏర్పాటు ఎంత ప్రమాదకరమైనదో చార్లెస్ డార్విన్ కూడా గమనించాడు. మనం తినే ప్రతి మెతుకూ, తాగే ప్రతి చుక్కా వాయునాళం నోటిమీదుగానే వెళ్ళాలి గదా, ఇదెంత విచిత్రం అని 1859లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథం "జాతుల ఉత్పత్తి"లో రాశాడు.

చేసి చూడండి

ఒకటి: మెడ ముందు భాగంలో వేలికి గట్టిగా తగిలే ముడి ఉంటుంది. అదే స్వరపేటిక. దానిమీద మెల్లగా వేలు ఆనించి గుటక వెయ్యండి. ముడి చటుక్కున పైకి లేచి మళ్ళీ కిందికి దిగింది కదూ! మీ గేటు పనిచేస్తున్నదన్నమాట.

రెండు: నోరు బాగా తెరిచి ఉంచి గుటక వేయడానికి ప్రయత్నించండి. ఎంత కష్టమో! పెదవులు, దవడ బిగిస్తేనే నాలుకకు ముద్దను వెనక్కి నెట్టే బలం వస్తుంది.

మూడు: నీళ్ళు తాగకుండా వెంటవెంటనే అయిదుసార్లు గుటక వేయండి. మూడోసారికో నాలుగోసారికో గొంతు మొరాయిస్తుంది. నోట్లో లాలాజలం అయిపోయింది మరి! మింగడానికి తడి కావాలి. మన లాలాజల గ్రంథులు రోజుకు సుమారు ఒక లీటరు లాలాజలాన్ని తయారుచేసేది ఇందుకే. తినేటప్పుడే కాదు, ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆ లాలాజలాన్ని మింగుతూనే ఉంటాం. అన్నీ కలిపి రోజుకు అయిదారు వందల గుటకలు!

మూడు అంకాల నాటకం

మింగడాన్ని మూడు దశలుగా విడదీసి చెప్పినవాడు 19వ శతాబ్దానికి చెందిన ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఫ్రాంస్వా మజాందీ. ఇప్పటికీ పాఠాల్లో అదే విభజన చెబుతున్నాం.

మొదటి అంకం నోట్లో జరుగుతుంది. పళ్ళు నమలుతాయి, లాలాజలం తడుపుతుంది, నాలుక దాన్నంతా కూడదీసి ఒక ముద్ద చేసి వెనక్కి నెడుతుంది. ఇదంతా మన చేతిలోనే ఉంది. కావాలంటే ఉమ్మేయవచ్చు, ఇంకాసేపు నమలవచ్చు.

రెండో అంకం గ్రసనిలో. ఇక్కడినుంచి మన పెత్తనం చెల్లదు. ముద్ద వెనక్కి చేరిందన్న కబురు నాడుల ద్వారా మెదడు అడుగున ఉన్న మజ్జాముఖానికి అందుతుంది. అక్కడినుంచి ఆజ్ఞలు బయలుదేరుతాయి. మెత్తని అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూస్తుంది. స్వరపేటికలోని స్వరతంత్రులు రెండూ దగ్గరికి వచ్చి గాలి దారిని బిగిస్తాయి. స్వరపేటిక మొత్తంగా పైకి, ముందుకు లేస్తుంది. ఆకులాంటి ఉపజిహ్విక దానిమీద మూతలా వాలుతుంది. అదే సమయంలో ఆహారవాహిక పైతలుపు తెరుచుకుంటుంది. ముద్ద జారిపోతుంది. పాతిక జతలకు పైగా కండరాలు, కపాల నాడుల పన్నెండు జతల్లో కనీసం అయిదు జతలు కలిసి చేసే ఈ పనంతా పూర్తికావడానికి పట్టే కాలం ఎంతో తెలుసా? సుమారు ఒక్క సెకను!

మూడో అంకం ఆహారవాహికలో. పెద్దవాళ్ళలో దీని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. ముద్ద పైనున్న కండరం బిగుసుకుంటుంది, కిందనున్నది వదులవుతుంది. ఈ బిగింపు అలలాగా కిందికి పాకుతూ ముద్దను నెట్టుకుపోతుంది. ఘనాహారం జీర్ణాశయం చేరడానికి ఎనిమిది నుంచి పది సెకన్లు పడుతుంది.

బరువుకు అన్నం తనంతట తానే కిందికి పడుతుందేమో అనుకునేరు! చెరువులో నీళ్ళు తాగే గేదెను చూడండి. దాని మూతి పొట్టకంటే కిందికి ఉంటుంది. అయినా నీళ్ళు ఎత్తుకు ఎక్కి పొట్టలోకి పోతున్నాయి. కోడి సంగతి వేరు. అది ముక్కుతో నీళ్ళు తీసుకుని, తల పైకెత్తి గొంతులోకి జార్చుకుంటుంది. భూమ్యాకర్షణ తెలియని అంతరిక్షంలో మనిషికి అన్నం గొంతు దిగుతుందా అని ఒకప్పుడు శాస్త్రజ్ఞులకు సందేహం ఉండేది. 1961లో యూరీ గగారిన్ భూమిని చుట్టివస్తూనే ఆహారం తీసుకుని ఆ సందేహం తీర్చాడు. 1984లో మన రాకేశ్ శర్మ రోదసిలోకి వెళ్ళినప్పుడు మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనశాల మన వంటకాలను తయారుచేసి ఇచ్చింది. ఆహారవాహికలోని అల ఉండగా బరువుతో పనేముంది?

బాతు మెడలో ఎక్స్-రే

లోపల జరిగే ఈ తతంగాన్ని కళ్ళతో చూసిందెవరు? 1895లో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. ఆ మరుసటి ఏడాదే అమెరికాలోని హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే వైద్య విద్యార్థి ఆ కిరణాలతో మింగడాన్ని పరిశీలించాడు. అందుకు అతడు ఎంచుకున్న ప్రాణుల్లో పొడవాటి మెడ ఉన్న పెద్దబాతు ఒకటి. మెడ పొడవైతే ముద్ద ప్రయాణం తీరిగ్గా చూడవచ్చు గదా! మామూలు ఆహారం ఎక్స్-రేలో కనిపించదు కాబట్టి అందులో బిస్మత్ అనే లోహపు లవణం కలిపాడు. ముద్ద నల్లని నీడలా మెడలో దిగిపోవడం తెరమీద కనిపించింది.

ఇప్పుడు ఆసుపత్రుల్లో బిస్మత్‌కు బదులు బేరియం సల్ఫేట్ వాడుతున్నారు. రోగిచేత బేరియం కలిపిన ద్రవాన్నీ, ముద్దనూ మింగించి ఎక్స్-రేతో సినిమా తీసినట్లు తీస్తారు. ఏ గేటు ఆలస్యంగా పడుతోందో, ఏ చుక్క దారి తప్పుతోందో అందులో తేలిపోతుంది.

నేను చేసిన పొరపాటు

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. ఉపజిహ్విక బొమ్మను ఎన్నో ఏళ్ళుగా నల్లబల్ల మీద గీస్తున్నవాణ్ణి నేను. బాణం గుర్తులు వేసి, "గాలి ఇటు, ఆహారం అటు" అని మార్కులు వేసినవాణ్ణి.

ఒకరోజు తెల్లవారుజామున మా అమ్మకు పక్షవాతం వచ్చింది. మూతి ఒక పక్కకు పోయింది. కుడిచెయ్యి లేవలేదు. మాట ముద్దముద్దగా ఉంది. మంచం మీద పడుకోబెట్టాం. బండి వచ్చేలోపల అమ్మ "దాహం" అన్నట్లు అనిపించింది. నేనే గ్లాసు తెచ్చి, వెల్లకిలా పడుకున్న మనిషి నోట్లో చెంచాతో నీళ్ళు పోశాను. ఒక చెంచా, రెండు చెంచాలు, మూడు చెంచాలు. అమ్మ దగ్గలేదు. "చక్కగా తాగింది" అని సంతోషించాను కూడా.

రెండో రోజుకు అమ్మకు జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. "నోట్లో ఏమైనా పోశారా?" అని డాక్టరుగారు అడిగారు. చెప్పాను. ఆ తరువాత మింగడం నేర్పించే నిపుణురాలు వచ్చి అమ్మ గొంతు పరీక్షచేసింది. బయటికి వచ్చి, "మాస్టారూ, దగ్గు రాలేదంటే నీళ్ళు సరైన దారిన పోయాయని కాదండీ. దగ్గే శక్తి కూడా గొంతుకు పోయిందని కావచ్చు" అంది.

నేను తలవంచుకున్నాను. బొమ్మ గీయడం వచ్చు, బాణాలు వేయడం వచ్చు. ఆ బొమ్మ మా అమ్మ గొంతులోనూ ఉందన్న సంగతి ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

మింగలేకపోవడం ఎందుకు వస్తుంది?

మింగడంలో కలిగే ఇబ్బందిని వైద్యులు డిస్ఫేజియా అంటారు. ఇది గ్రీకు మాటలనుంచి పుట్టింది. "డిస్" అంటే కష్టం, "ఫేజీన్" అంటే తినడం. ఇది దానంతట అదే ఒక జబ్బు కాదు. లోపల ఇంకేదో జరుగుతున్నదని చెప్పే గుర్తు.

నాటకంలో ఏ అంకం చెడిందన్నదాన్నిబట్టి కారణాలు మారుతాయి. పక్షవాతం వచ్చినవాళ్ళలో, పార్కిన్సన్ వణుకు వ్యాధి ఉన్నవాళ్ళలో, తలకు పెద్ద దెబ్బ తగిలినవాళ్ళలో మెదడునుంచి ఆజ్ఞలు సరిగా రావు. గేటు ఆలస్యంగా పడుతుంది. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో దాదాపు సగంమందికి ఈ ఇబ్బంది ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ చాలామందిలో తగ్గుతుంది కూడా. కొందరు పిల్లలకు పుట్టుకతోనే మెదడులో కలిగిన లోపంవల్ల మింగడం కష్టమవుతుంది. ముసలితనంలో పళ్ళు ఊడి, లాలాజలం తగ్గి, కండరాలు సడలి గుటక నెమ్మదిస్తుంది.

ఆహారవాహికలోనే అడ్డు ఏర్పడటం మరో రకం. ఇక్కడ వైద్యులు ఒక తెలివైన ప్రశ్న అడుగుతారు: "అన్నం దిగడం లేదా, నీళ్ళు దిగడం లేదా?" ముందు అన్నం, తరువాత జావ, చివరికి నీళ్ళు కూడా దిగకుండా రోజురోజుకూ దారి ఇరుకవుతూ ఉంటే లోపల కంతి పెరుగుతున్నదేమోనని వెంటనే పరీక్ష చేయించాలి. పొగాకు, సారా అలవాటున్నవాళ్ళలో ఈ ప్రమాదం ఎక్కువ. మొదటినుంచీ అన్నమూ నీళ్ళూ రెండూ ఒకేలా ఆగిపోతుంటే ఆహారవాహిక కిందితలుపు వదులుకావడం లేదేమో అని అనుమానిస్తారు.

ఈ రెండో జబ్బు కథ చాలా పాతది. థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1674లో దీన్ని వర్ణించాడు. అతని రోగి తిన్నదంతా కక్కుకుని ఆకలితో చిక్కిపోతున్నాడు. విల్లిస్ తిమింగలపు ఎముకతో సన్నని కడ్డీ చేసి, కొసన స్పంజి ముక్క కట్టి ఇచ్చాడు. భోజనం చేసినప్పుడల్లా ఆ కడ్డీతో ముద్దను కిందికి నెట్టుకుంటూ ఆ మనిషి ఏళ్ళ తరబడి బతికాడు! ఇప్పుడు అంత అవస్థ లేదు. గొంతులోంచి గొట్టం పంపి, బుడగ ఊది ఆ తలుపును వెడల్పు చేస్తారు. లేదా బిగుసుకున్న కండరాన్ని కోసి వదులు చేస్తారు.

అన్నంకంటే నీళ్ళే కష్టం!

పక్షవాతం వచ్చిన మనిషికి ఏది పెట్టడం తేలిక? "పాపం, అన్నం నమలలేడు, నీళ్ళయితే జారిపోతాయి" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అసలు సంగతి తలకిందులు!

మన రైలు గేటునే తలుచుకోండి. గేటు వేసే మనిషి కాస్త నిదానమయ్యాడు. అటువైపునుంచి ఎక్స్‌ప్రెస్ బండి వస్తే ఏమవుతుంది? గేటు పడకముందే దూసుకువచ్చేస్తుంది. గూడ్సు బండి వస్తే? అది వచ్చేలోగా గేటు వేసుకోవచ్చు. నీళ్ళు, కాఫీ, పల్చటి చారు ఎక్స్‌ప్రెస్ బళ్ళు. చిక్కటి జావ, గట్టి పెరుగు గూడ్సు బళ్ళు. అందుకే కొందరు రోగులకు ద్రవాలను చిక్కబరిచి ఇమ్మని నిపుణులు చెబుతారు. చారన్నం, పల్చటి మజ్జిగన్నం మరీ చిక్కు. నమలాల్సిన మెతుకూ, పారిపోయే నీరూ ఒకేసారి వస్తే ఎక్స్‌ప్రెస్సూ గూడ్సూ కలిసి వచ్చినట్లే గదా!

చిక్కదనాన్ని కొలవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. మీరూ చేయవచ్చు. మందుల దుకాణంలో 10 మిల్లీలీటర్ల కొత్త సిరంజి, సూది లేకుండా కొనండి. పారేసిన సిరంజిని మాత్రం ముట్టుకోకండి. లోపలి దండం తీసేసి, కింది రంధ్రాన్ని వేలితో మూసి, 10 గీత వరకు నీళ్ళు పోయండి. వేలు తీసి, పది సెకన్లు లెక్కపెట్టి మళ్ళీ మూయండి. ఎంత మిగిలింది? దాదాపు ఏమీ ఉండదు. ఇదే పరీక్ష మజ్జిగతో, గంజితో, రాగిజావతో చేసి పట్టిక రాసుకోండి. చిక్కనయ్యేకొద్దీ ఎక్కువ మిగులుతుంది. ఆహార పానీయాలను 0 నుంచి 7 వరకు మెట్లుగా విభజించే పద్ధతిని అనేక దేశాల నిపుణులు కలిసి రూపొందించారు. అందులో పానీయాలను విడదీసేది ఈ సిరంజితోనే. 10 మిల్లీలీటర్లలో ఒకటికంటే తక్కువ మిగిలితే 0 మెట్టు. 1 నుంచి 4 వరకు మిగిలితే మొదటి మెట్టు. 4 నుంచి 8 వరకు అయితే రెండో మెట్టు. 8కి పైన మిగిలితే మూడో మెట్టు.

కాని ఒక హెచ్చరిక! ఎవరికి ఏ మెట్టు సరిపోతుందో పరీక్షచేసి నిపుణులే చెప్పాలి. చిక్కటివి దాహం తీర్చవని కొందరు రోగులు అసలు తాగడమే మానేస్తారు. అప్పుడు ఒంట్లో నీరు తగ్గి మరో ప్రమాదం వస్తుంది. ఈ నిపుణులు సాధారణంగా మాటకూ వినికిడికీ సంబంధించిన చదువు చదివినవాళ్ళు. మాట్లాడే అవయవాలే మింగే అవయవాలు కూడా కాబట్టి రెండూ వాళ్ళే చూస్తారు. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ చదువుకు పేరుపొందింది.

ఇంట్లో మీరు చేయగల సాయం

తాతగారికో, నాయనమ్మకో ఇటువంటి ఇబ్బంది ఉంటే ముందు గుర్తుపట్టాలి. తినేటప్పుడు తరచు దగ్గడం, తిన్న తరువాత గొంతు తడితడిగా గురగురమనడం, బుగ్గలో అన్నం మిగిలిపోవడం, భోజనానికి చాలాసేపు పట్టడం, మాటిమాటికీ జ్వరం రావడం, చిక్కిపోవడం, ఇవీ గుర్తులు. కనిపిస్తే పెద్దవాళ్ళకు చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళమనండి.

మా అమ్మకు నిపుణురాలు చెప్పిన జాగ్రత్తలు ఇవి. చాలామందికి పనికివస్తాయి.

1. పడుకున్న మనిషికి పెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టాలి. తిన్నాక కూడా అరగంటసేపు కూర్చునే ఉండాలి.

2. చిన్న చెంచాతో కొద్దికొద్దిగా పెట్టాలి. ఒక ముద్ద గొంతు దిగిందని చూసుకున్నాకే రెండోది. స్వరపేటిక పైకి లేచి దిగడం మీకు ఇప్పుడు తెలుసుగదా, అదే గుర్తు!

3. గ్లాసు ఎత్తి నోట్లో పోసుకోవడం మనకు అలవాటు. వీళ్ళకు అది పనికిరాదు. తల వెనక్కి వాలితే వాయునాళం మరింత తెరుచుకుంటుంది. గడ్డాన్ని కాస్త కిందికి వంచి మింగమని కొందరికి నేర్పుతారు.

4. తినేటప్పుడు వాళ్ళచేత మాట్లాడించకూడదు, నవ్వించకూడదు. రేడియో, టీవీ కట్టేయాలి.

5. పొడిపొడిగా రాలేవి, అంగిలికి అతుక్కునేవి మానాలి. మరమరాలు, కందిపొడి, సున్నుండ ఇటువంటివే.

6. రోజూ రెండుపూటలా పళ్ళు, నాలుక శుభ్రం చేయాలి. పాచినోట్లో ఉండే సూక్ష్మజీవులు లాలాజలంతోపాటు ఊపిరితిత్తుల్లోకి జారితే నెమ్ము వస్తుంది.

7. మాత్రలను ఇష్టం వచ్చినట్లు నూరి పెట్టకూడదు. కొన్ని నూరకూడని మాత్రలుంటాయి. డాక్టరును అడగాలి.

అన్నిటికంటే ముఖ్యం ఇంకొకటి. స్పృహ లేనివాళ్ళ నోట్లో ఏమీ పోయకూడదు. ఎండదెబ్బకు పడిపోయినవాళ్ళకు సోడా, మూర్ఛ వచ్చినవాళ్ళకు నీళ్ళు పోయడం మనం చూస్తూనే ఉంటాం. దయతోనే చేస్తారు. కాని గేటు కాపలాదారు నిద్రపోతుండగా రైలు పంపడమే అది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోను చేయించండి.

గొంతుకు అడ్డం పడితే

గొంతు వైద్యంలో పేరుపొందిన అమెరికా డాక్టరు షెవాలియర్ జాక్సన్ (1865-1958) జనం గొంతుల్లోంచి తీసిన వస్తువులను పారేయకుండా దాచిపెట్టాడు. గుండీలు, పిన్నీసులు, నాణేలు, గింజలు, బొమ్మల ముక్కలు. మొత్తం 2,374! ఫిలడెల్ఫియాలోని మ్యుటర్ మ్యూజియంలో సొరుగుల నిండా ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో చాలా మీలాంటి పిల్లల గొంతుల్లోంచి తీసినవే.

మీ చెల్లాయికో, తమ్ముడికో నాలుగైదేళ్ళు నిండేవరకు వేరుశనగ గుళ్ళు, శనగలు ఇవ్వకండి. నవ్వుతూ పరుగెత్తే పిల్లల వాయునాళంలోకి అవి ఇట్టే జారతాయి. బొమ్మల్లో, గడియారాల్లో ఉండే గుండీలాంటి బ్యాటరీలు మరీ ప్రమాదం. ఆహారవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చేస్తాయి. మింగారని అనుమానం వచ్చినా సరే, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఎవరికైనా గొంతుకు అడ్డం పడినప్పుడు గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి. దగ్గును మించిన మందు లేదు. మాట రాక, దగ్గు రాక, గొంతు పట్టుకుని నీలంగా మారుతుంటే క్షణం ఆలస్యం చేయకూడదు. పెద్దవాళ్ళను కేకేయండి. మనిషిని ముందుకు వంచి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా అయిదు దెబ్బలు కొట్టాలి. ఊడిరాకపోతే వెనుక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఆనించి, రెండో చేత్తో పట్టుకుని లోపలికి, పైకి అయిదుసార్లు కుదపాలి. వస్తువు బయటపడేవరకు ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఇలా కుదిపే పద్ధతిని 1974లో హెన్రీ హైమ్లిక్ అనే అమెరికా వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. ఏడాది నిండని పసిపాపలకు మాత్రం పొట్ట మీద ఇలా చేయకూడదు. ఎవరి గొంతులోనూ చూడకుండా వేలు పెట్టి కెలకకూడదు. అడ్డం మరింత లోపలికి పోతుంది.

చివరిమాట

మా అమ్మకు జ్వరం తగ్గడానికి పదిరోజులు పట్టింది. ఇంటికి వచ్చాక మా అమ్మాయి పక్కన కూర్చుని, "నాయనమ్మా, గడ్డం కిందికి వంచు. ఇప్పుడు గుటక వెయ్యి. ఆ, దిగింది!" అంటూ చెంచాతో రాగిజావ తాగించేది. ఒక గిన్నె జావకు ముప్పావుగంట. ఎవరూ విసుక్కోలేదు. రెండు నెలలకు మెత్తటి పప్పన్నం తినగలిగింది. ఇప్పుడు మాతోపాటు కూర్చుని భోంచేస్తుంది. నీళ్ళు మాత్రం ఇంకా చెంచాతోనే.

పిల్లలూ! ఈ రాత్రి భోజనం దగ్గర ఒక ముద్ద మింగేటప్పుడు మెడమీద వేలు ఆనించి చూసుకోండి. గేటు పడింది, ముద్ద దాటింది, గేటు లేచింది. ఆ తరువాత మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎలా మింగుతున్నారో కూడా ఒకసారి గమనించండి. ఎవరైనా ముద్ద ముద్దకీ దగ్గుతుంటే, "ఎవరో తలుచుకుంటున్నారు" అని ఊరుకోకండి. తలుచుకోవలసింది మీరే!